ఎవల ముచ్చట వాళ్లనే అడుగు

“నేను ఉన్ననా, పోయిననా?”

మొయినాబాద్‌లో జిరాక్స్ షాపు పైగదికి దడదడా మెట్లెక్కి వచ్చిన అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. అభిలాష్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. కోపంలోనూ మనిషి ఇంత బాగుండడం అన్యాయం అనిపించింది.

“ఉన్నరు మేడం. కూసోండ్రి.”

“మరి నా నర్సరీ మూతపడ్డదని నీ ఇంజన్ల ఎందుకు పెట్టినవ్? వారంసంది నారు కొనెటోళ్లు ఒక్కరు రాలె!”

ఆమె సమత. చేవెళ్ల రోడ్డులో నారు పెంచి అమ్ముతుంది. అభిలాష్ సెర్చ్ ఇంజన్ పేరు ‘జరచెప్పు’. చేవెళ్ల, మొయినాబాద్ సంగతులు తప్ప దానికి లోకం తెలియదు. పోటీ మాత్రం ప్రతి ఫోన్‌లో పుట్టుకతోనే ఉండే పెద్ద ఇంజన్‌తో. వేగంలో దాన్ని గెలవడం కల్ల. అందుకే అభిలాష్ ఒక్కటే పట్టు పట్టాడు. తెలియనిదానికి ‘తెల్వది, అడిగి చెప్త’ అని జవాబిచ్చి, నిజంగానే ఎవరినో అడిగి రాస్తాడు. జనం నమ్మితే బతుకుతుంది, లేకుంటే మూటాముల్లె సర్దుకోవడమే.

“అడిగే రాసిన మేడం.”

“ఎవల్ని?”

“మీ పక్క నర్సరీ జ్ఞానేశ్వరన్నను.”

సమత నెత్తి కొట్టుకుంది. “నా గిరాకీ గుంజుకునెటోన్ని నా ముచ్చట అడుగుతవా? గా పెద్ద ఇంజన్ మ్యాపుల నా నర్సరీని చెరువు నడుమ చూపిస్తది. అయినా తెరిచే ఉన్నదంటది. నువ్వు సక్కగ రోడ్డు మీదనే చూపిచ్చి, మూతపడ్డదని సంపినవ్ గదా!”

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె గుర్రుగా చూసింది. ఆ తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది.

“ఎవల ముచ్చట వాళ్లనే అడుగు. సమజైందా?” అని దిగి వెళ్లిపోయింది.

మర్నాడే నర్సరీ తెరిచే ఉందని మారింది, ఆమె అన్న ఆ మాట ‘జరచెప్పు’ పేరు కిందికి ఎక్కింది. అది చూపించే వంకతో అభిలాష్ చేవెళ్ల రోడ్డు పట్టాడు. తర్వాత టమాట నారు ఉందా అని, ఆ తర్వాత మిరప నారు ఉందా అని. అన్నీ ఫోన్‌లో అడిగితే సరిపోయే ప్రశ్నలే. సమత కూడా నారుకొచ్చిన రైతుల ఫోన్లలో ‘జరచెప్పు’ తానే వేసిచ్చేది. “రాయరాకుంటె మాట్లాడుండ్రి, అదే రాసుకుంటది” అని నేర్పేది. ప్రశ్నలు పెరిగాయి.

ఒక వానపూట ఈ ప్రశ్న వచ్చింది: ‘చేవెళ్ల రోడ్డు నర్సరీ సమతకు సంబంధం కుదిరిందా?’

ఎవరడిగారో తెలియదు. అడిగినవాళ్ల పేర్లు ‘జరచెప్పు’ రాసిపెట్టుకోదు, జవాబు మాత్రం అడిగిన ఫోన్‌కే పోతుంది. అది అభిలాష్ గొప్పగా చెప్పుకునే సంగతే. ఎవడో పెళ్లి కోసం ఆరా తీస్తున్నాడు. ‘కుదిరింది’ అని రాసిపారేస్తే వాడి పీడ విరగడవుతుంది. వేలు అక్షరాల మీదికి పోయింది కూడా. కానీ ఒక్క అబద్ధం రాశాక ఇక ‘జరచెప్పు’ ఉండీ ఎందుకు? ఆమె ముచ్చట ఆమెనే అడగాలి.

వానలోనే స్కూటీ తీశాడు.

షేడ్‌నెట్ కింద సమత నారు ట్రేలు సర్దుతోంది. ఆమె నాయనమ్మ జంగమ్మ ఓ మూలన పీట వేసుకుని కూర్చుంది.

“ఏంది గిట్ల తడిసినవ్? ఇయ్యాల ఏం నారు గావాలె?”

“నారు గాదు. నీకు సంబంధం కుదిరిందా? ఎవలో అడిగిన్రు.”

“ఫోన్ చేస్తే చెప్తుంటి గద.”

“ఫోన్ల అడిగే ధైర్యం లేకుండె. కుదిరిందంటవేమోనని తొవ్వంత భయపడుకుంటనే వచ్చిన. నువ్వంటే నాకు పానం, సమతా.”

సమత చేతిలోని ట్రే కింద పెట్టింది. నవ్వు దాచుకోవాలని చూసింది గానీ దాగలేదు.

“ఇప్పుడు అడిగేది ఇంజనా, నువ్వా?”

“నేనే.”

“అయితే రాస్కో. ఇంతసేపు కుదరలె. ఇప్పుడే కుదిరింది.”

అభిలాష్ అక్కడికక్కడే ఫోన్ తీసి ‘జరచెప్పు’లో రాశాడు: ‘కుదిరింది. ఆమెనే అడిగినం.’

మూలన జంగమ్మ ఒళ్లో ఫోన్ టింగుమంది. ఇద్దరూ అటు తిరిగారు.

“అవ్వా! అడిగింది నువ్వా?”

“ఏంజేయాలె బిడ్డా? రోజు వచ్చి నారు అడుగుతడాయె, అసలుది అడగడాయె. అందుకే నేనే అడిగిన.” జంగమ్మ లేచి వచ్చి కొంగుతో అతని తల తుడిచింది. “గా పెద్ద ఇంజన్ మనల్ని చెరువుల దింపింది. గీ శిన్నది జూడు, పిలగాన్నే తెచ్చిచ్చింది.”