చెరిగిపోయిన పిలుపు

టేపు ఉంది. అందులో గొంతే లేదు.

డబ్బా మీద నంబరు సరిగ్గానే ఉంది. రీలూ అదే. మెషీన్ మీద పెట్టి తిప్పితే మాత్రం ఈ చివర నుంచి ఆ చివరి దాకా సుయ్‌మన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“దీన్ని దొంగతనం అంటారా?” అంది ఇన్‌స్పెక్టర్. “టేపు ఇక్కడే ఉందిగా?”

“పోయింది పసిపిల్ల గొంతు మేడం,” అన్నాడు ఉపసంపాదకుడు. “సోమవారం మా నిఘంటువు మూడో సంపుటం విడుదల. సభలో వినిపించాల్సిన రికార్డింగ్ ఇది. ఎవరో కావాలని చెరిపేశారు.”

“ఎవరో అంటారేంటి? కంప్లైంట్‌లో పేరు రాశారుగా!”

రాశాడు మరి. టేపుల గది చూసుకునే మనిషి పేరు రాశాడు. ఆ సంస్థలో అందరూ ఆమెను టేపులమ్మ అంటారు. మూల స్టూలు మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ పసిపిల్ల ఆమె కూతురే. ఏడాది నిండకుండానే జ్వరం వచ్చి పోయింది. ఫొటోలు నాలుగున్నాయి. గొంతు మాత్రం ఆ రీల్లో తప్ప ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ గొంతును ఆమే చెరిపిందని కేసు. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, జైలూ పడొచ్చు.

ఇన్‌స్పెక్టర్ ముందు పెద్దాయన గదికి వెళ్ళింది. ప్రధాన సంపాదకుడాయన. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఏ భాషలో ఏ అర్థం తెచ్చుకుంది అన్నదే ముప్ఫై ఏళ్ళుగా ఆయన లోకం. సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి రికార్డు చేసుకొస్తే, ఈయన విని రాస్తాడు.

“మామ అనే మాటే తీసుకోండమ్మా,” అన్నాడు హుషారుగా. “మనకి అమ్మ తోడబుట్టినవాడు, పిల్లనిచ్చినవాడు. చైనా వాళ్ళకి అమ్మ. జార్జియన్ భాషలో నాన్న. లాటిన్‌లో అమ్మా అదే, పాలిచ్చే రొమ్మూ అదే. ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకున్నారనుకుంటారు జనం. కాదు. చాలా చోట్ల ఎక్కడికక్కడే పుట్టింది.”

“ఎలా పుట్టింది సార్?”

“పసిబిడ్డ పెదాలు మూసి తెరుస్తుంది. మ అని వస్తుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళు నన్నే పిలిచిందని మురిసిపోతారు. ఆ మురిపెమే అర్థమై కూర్చుంటుంది. బిడ్డ మాత్రం ఎవరినీ పిలవలేదు.”

“సభలో ఇదే చెప్తారా?”

“ఇదే. వయసైపోయింది కదా, గొంతు వణుకుతోందమ్మా. ఇక్కడే ఆఫీసులో రికార్డు చేసుకుని విని చూసుకున్నాక గానీ ధైర్యం రాలేదు.” నవ్వాడు. ఆమె కూడా మర్యాదకి నవ్వి బయటికొచ్చింది.

బిడ్డ ఎవరినీ పిలవలేదన్న వాక్యం సంపుటంలో అచ్చయింది కూడా. కింద ఉదాహరణగా టేపులమ్మ కూతురి రికార్డింగ్ నంబరు వేశారు. ఎంత పెద్ద చదువులు చదివితే మాత్రం, అంత కర్కశంగా ఎలా రాయబుద్ధేసిందో ఆ మహానుభావుడికి!

ఇన్‌స్పెక్టర్ టేపులమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఆ వాక్యం చదివారా?”

“చదివాను. మా తమ్ముడు చూపించాడు. ప్రూఫులు దిద్దేది వాడే.”

“కోపం వచ్చిందా?”

“రాదా మరి?”

“సభలో వినిపించొద్దన్నారట.”

“కాళ్ళావేళ్ళా పడ్డాను మేడం. నా బిడ్డ గొంతు నలుగురిలో పెట్టి, ఇది ఎవరినీ పిలవలేదని చెప్తారట. వద్దంటే వినలేదు.”

“అందుకని చెరిపేశారు?”

“చేతులు నరుక్కుంటాను గానీ ఆ పని చేస్తానా? రోజూ మధ్యాహ్నం ఒక్కసారి వింటాను. విన్నాకే అన్నం నోట్లోకి పోతుంది. ఇంక ఏది విని తినమంటారు?”

“కాపీ లేదా?”

“సభ కోసం తీస్తామన్నారు. నేనే తియ్యనివ్వలేదు.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“నిన్న విన్నారా?” అని మెల్లగా అడిగింది.

“విన్నాను. పూర్తవగానే కింద ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. రీలు మెషీన్ మీదే వదిలి వెళ్ళాను. అరగంటకి వచ్చేసరికి డబ్బాలో ఉంది. ఉపసంపాదకుడుగారు సర్దారేమో అనుకున్నాను.”

ఆ అరగంటలో ఆ అంతస్తులో ఉన్నది ముగ్గురే. ఉపసంపాదకుడు, ప్రూఫ్‌రీడర్ తమ్ముడు, పెద్దాయన. ముగ్గురూ ఆ గది గడపే తొక్కలేదన్నారు.

తమ్ముణ్ణి పిలిచారు. రావడమే కయ్యిమంటూ వచ్చాడు.

“నేనెందుకు చెరుపుతాను మేడం? అందులో పాప పిలిచింది నన్ను! ఆ రోజు ఎత్తుకున్నది నేనే. మామా అంది. మేనమామని, నన్ను కాక ఇంకెవరిని పిలుస్తుంది?”

“నన్నే చూస్తూ అందిరా,” అంది అక్క మూల నుంచి.

“నువ్వెక్కడ చూశావక్కా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెషీన్ మీదికి వంగి ఉన్నావు!”

“తల్లిని రా. నాకు తెలీదా?”

పాప పోయినప్పటి నుంచీ ఇదే గొడవ. ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన ముసలి కానిస్టేబుల్ కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

ఉపసంపాదకుడు ఈ ఉదయం ఎవరికీ చెప్పకుండా కాపీ తీద్దామని ఆ రీలు పెట్టాడట. అలా బయటపడింది సంగతి.

“పెట్టేముందు వెనక్కి చుట్టారా?” అని అతన్ని అడిగింది ఇన్‌స్పెక్టర్.

“అక్కర్లేకపోయింది. చుట్టే ఉంది.” అని, గడియారం చూసుకున్నాడు. తానేం చెప్పాడో అతనికే పట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ బీరువా తెరిచింది. ఒక డబ్బా తీసింది. ఇంకొకటి తీసింది. పది తీసింది.

“బాబాయ్, చూడు. అన్నిటికీ ఎర్ర పట్టీయే బయట ఉంది.”

“అయితే ఏంటమ్మా?” అన్నాడు కానిస్టేబుల్.

టేపులమ్మే చెప్పింది. టేపు మొదట్లో పచ్చ పట్టీ, చివర ఎర్ర పట్టీ అతికిస్తారు. విన్నాక వెనక్కి చుట్టరు. అలాగే, చివర బయటికుండేలా దాస్తారు. మళ్ళీ వినేముందే చుడతారు. అలా అయితే టేపు ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ గదిలో మొదటి నుంచీ అదే పద్ధతి.

“అందర్నీ పిలువు బాబాయ్. పెద్దాయన్ని కూడా.”

వచ్చారు. ఇన్‌స్పెక్టర్ మూడు డబ్బాలు బల్ల మీద పెట్టింది.

“తలా ఒకటి వినిపించండి.”

ఉపసంపాదకుడు విసుక్కుంటూనే రీలు తగిలించాడు. ముందు వెనక్కి చుట్టాడు. తర్వాత నొక్కాడు. ఎవరో ముసలావిడ మాటలు వినిపించాయి. ప్రూఫ్‌రీడరూ అంతే. చుట్టాడు, నొక్కాడు.

“నాకెందుకమ్మా ఇవన్నీ?” అన్నాడు పెద్దాయన. “ఎప్పుడూ ఎవరో ఒకరు పెట్టిస్తే వినేవాణ్ణి.”

“ఒక్కసారి సార్.”

ఆయన రీలు తీశాడు. నేరుగా తగిలించాడు. నొక్కాడు.

మనిషి గొంతే. కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మాటలన్నీ వెనకనుంచి ముందుకి, మింగుతున్నట్టు వస్తున్నాయి.

“పాడైపోయిన టేపిచ్చావమ్మా!”

“బాగానే ఉంది సార్. చివర నుంచి మొదటికి తిప్పుతున్నారు మీరు. ఆగండి, పూర్తవనివ్వండి.”

చిన్న రీలది. అయిపోయి టపటపా కొట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని తీసి అందరికీ చూపించింది. పచ్చ పట్టీ బయటికొచ్చింది.

“చెరిగిన టేపు కూడా ఈ ఉదయం ఇలాగే ఉంది. అందుకే ఉపసంపాదకుడుగారికి చుట్టే పని లేకపోయింది. ఈ గదిలో పని తెలిసిన చెయ్యి దాన్ని చెరిపి ఉంటే, ముందు చుట్టేది, చివరికి ఎర్ర పట్టీ బయటుండేది. సార్, మీ ఉపన్యాసం రికార్డు చేసుకున్నానన్నారు. ఈ భవనంలో మెషీన్ ఇదొక్కటే. ఈ గది గడప తొక్కలేదని కూడా అన్నారు.”

పెద్దాయన కూలబడ్డాడు. ఎవరూ నీళ్ళివ్వలేదు.

“మెషీన్ మీద ఉంటే వాడి పారేసిన టేపనుకున్నాను,” అన్నాడు. “తగిలిస్తే ఏదో గజిబిజి. పనికిరానిదే కదా అని నా ఉపన్యాసం ఎక్కించాను. అయ్యాక డబ్బా మీద నంబరు చూశాను. దొరక్కూడదని నా గొంతు కూడా చెరిపేసి పెట్టేశాను.”

“ఈవిడ పేరు కంప్లైంట్‌లో రాస్తుంటే చూస్తూ కూర్చున్నారు.”

“సోమవారం దాటనిచ్చి చెబుదామనుకున్నానమ్మా. ముప్ఫై ఏళ్ళ పని...”

“సిగ్గులేదూ?” అన్నాడు ప్రూఫ్‌రీడర్. ఉపసంపాదకుడు కంప్లైంట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమెకి క్షమాపణ చెప్పాలన్న ఇంగితం అతనికీ తోచలేదు.

టేపులమ్మ స్టూలు మీంచి లేచింది. పెద్దాయన ముందుకొచ్చి నిలబడింది.

“ఆఖరిసారి విన్నది మీరే సార్. వెనకనుంచైనా, విన్నారు. ఎలా ఉంది?”

“అర్థం కాలేదమ్మా. ఏదో...”

“చెప్పండి సార్. నాకింక వినే దారి లేదు.”

ఆయన బల్ల మీది రీలు వైపు చూశాడు.

“ఎవరో పిలిచినట్టు అనిపించింది. నన్నే అనుకుని తలుపు వైపు తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగి, రికార్డు బటన్ నొక్కాను.”

తమ్ముడు వచ్చి అక్క భుజం పట్టుకున్నాడు. “పాప పిలిచింది నిన్నేనక్కా,” అన్నాడు. “నిన్నే. నేనే ఉత్తినే మొండికేశాను.”

“ఎవరినైతే ఏంరా,” అంది టేపులమ్మ. “ఇంక పిలవదుగా.”