ఏడాదికొక్కసారి వచ్చే అరగంట

ఫోను మోగేసరికి మార్నీ వంటింటి బల్ల మీద పేపరు పరుచుకుని కూర్చుంది. టీవీ కార్యక్రమాల పేజీలో ఒక్క లైను చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుడుతోంది. పొద్దున ఒకసారి చుట్టింది. అయినా మళ్లీ చుడుతోంది.

"శుక్రవారం రాత్రి 7.30. టిబ్ క్రిస్మస్."

టిబ్ ఒక కార్టూన్ బాతుపిల్ల. దానికి ఒక రెక్క వంకర. చలికాలం రాగానే మిగతా బాతులన్నీ దక్షిణానికి ఎగిరిపోతాయి. గడ్డకట్టిన సరస్సు మీద టిబ్ ఒక్కతే మిగిలిపోతుంది. ఆ బొమ్మల సినిమాను ఏడాదికి ఒక్కసారే వేస్తారు, క్రిస్మస్ ముందు. అది 1971. తప్పిపోయిందంటే మళ్లీ డిసెంబరు దాకా ఎదురుచూడాల్సిందే.

మార్నీ, వాళ్లన్న వెర్న్ ప్రతి ఏడూ దాన్ని ఒకే దుప్పటి కప్పుకుని చూసేవాళ్లు. ఇప్పుడు మార్నీకి పదేళ్లు. వెర్న్‌కి పదహారు. స్కూలు, ఐస్ హాకీ, సాయంత్రం కిరాణా కొట్లో పని... ఇంటికి చుట్టంలా వచ్చిపోతున్నాడు. నాన్న ఓడలో పనిచేస్తాడు. సుపీరియర్ సరస్సు గడ్డకట్టి ఓడలు ఆగిపోయేదాకా ఆయన ఇంటికి రాడు. అమ్మకి ఆస్పత్రి వంటశాలలో తొమ్మిదింటిదాకా డ్యూటీ. స్కూలు నుంచి వచ్చి తాళం తీసుకుని, రేడియో పెట్టుకుని, ఆ రేడియోతోనే మాట్లాడుకోవడం మార్నీకి అలవాటైపోయింది.

కానీ ఇవాళ అలా కాదు. "ఏడున్నరకేగా? ఉంటాలే. నాకు ప్రాక్టీసు రేపు పొద్దున" అని వెర్న్ మాటిచ్చాడు.

మార్నీ వెళ్లి గోడకున్న ఫోను తీసింది.

"నేను హాల్వర్సన్‌ని, హాకీ కోచ్‌ని. వెర్న్ ఉన్నాడా?"

"పనికెళ్లాడండీ. ఆరింటికొస్తాడు."

"చెల్లెలివా? అయితే ఒక్క మాట చెప్పమ్మా. రేపు పొద్దున మనం ఆడే ఐస్ రింకు ఖాళీ లేదు. ప్రాక్టీసు ఇవాళ రాత్రే, ఏడున్నరకి. రానివాడికి రేపటి ఆటలో చోటు లేదు. రాసుకున్నావా?"

మార్నీ చేతిలో పెన్సిలు అలాగే ఉంది.

"రాసుకున్నానండీ" అంది. ఏమీ రాయలేదు.

వచ్చాక చెప్తాలే అనుకుంది. ఆరింటికి వెర్న్ వచ్చాడు, మంచు దులుపుకుంటూ. టమాటా సూప్ వేడి చేసుకుని ఇద్దరూ తిన్నారు. సూప్ అయ్యాక చెప్తాలే అనుకుంది.

"ఎవరన్నా ఫోన్ చేశారా?" అన్నాడు వెర్న్ గిన్నె కడుగుతూ.

"లేదు."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందంటే, మార్నీకే ఆశ్చర్యం వేసింది.

ఏడున్నరయింది. వెర్న్ టీవీ మీది యాంటెనాని అటూ ఇటూ తిప్పి బొమ్మ సరిచేశాడు. పెద్ద గిన్నె నిండా పాప్‌కార్న్ తెచ్చాడు. దుప్పటి తీసి ఇద్దరి కాళ్ల మీదా కప్పాడు. పాట మొదలైంది. అంతా మార్నీ కోరుకున్నట్టే ఉంది.

"ఒకటి చెప్పనా?" అన్నాడు వెర్న్ మెల్లగా. "రేపు కోచ్ నన్ను మొదటి వరసలో ఆడిస్తున్నాడు. నెల రోజుల నుంచీ బెంచీ మీదే కూర్చోబెట్టాడు కదా! అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. నీకే ముందు."

మార్నీ చేతిలోని పాప్‌కార్న్ మళ్లీ గిన్నెలో వేసేసింది.

టీవీలో బాతులన్నీ బారులు తీరి ఎగిరిపోతున్నాయి. టిబ్ మంచు మీద జారుతూ, పడుతూ, వాటి వెనకాలే పరిగెత్తి అరుస్తోంది.

"ఇదిగో, ఇక్కడే! ఏటా ఇక్కడే కుళాయి తిప్పుతావ్" అని వెర్న్ మోచేత్తో పొడిచాడు.

మార్నీకి నిజంగానే ఏడుపొచ్చింది. కానీ టిబ్ కోసం కాదు. వెర్న్ పక్కనే ఉన్నాడు. భుజానికి భుజం తగులుతోంది. అయినా, రేడియోతో కబుర్లు చెప్పుకున్న ఏ సాయంత్రమూ ఇంత ఒంటరిగా అనిపించలేదు. తను చేసిన పని ఇద్దరి మధ్యా గోడలా కూర్చుంది. దాన్ని చూస్తున్నది తను ఒక్కతే.

ప్రకటనలు మొదలయ్యాయి. గడియారం ఏడూ నలభై రెండు.

"వెర్న్, కోచ్ ఫోన్ చేశాడు."

"ఎప్పుడు?"

"సాయంత్రం. ప్రాక్టీసు ఇవాళే. ఏడున్నరకి. రాకపోతే రేపు ఆడనివ్వడట."

వెర్న్ నవ్వబోయాడు. మార్నీ మొహం చూసి ఆగిపోయాడు. మరుక్షణం దుప్పటి కింద పడింది. కోటు, స్కేట్లు, హాకీ కర్ర చేతుల్లోకి వచ్చాయి.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఉంటావని..."

తిడతాడనుకుంది. తిట్టలేదు. ఒక్కసారి ఆమె వంక చూసి, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ప్రకటనలు అయిపోయాయి. టిబ్ లైట్‌హౌస్ దగ్గరికి చేరి, దాని దీపంతో మాట్లాడుతోంది. మార్నీకి అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. ఇంకో పావుగంట ఉంది. చూసినా ఎవరూ ఏమీ అనరు.

మార్నీ లేచి టీవీ కట్టేసింది. బొమ్మ ముడుచుకుపోయి తెల్లటి చుక్కయింది. చుక్క కూడా ఆరిపోయింది. బూట్లు తొడుక్కుని పరిగెత్తింది.

వీధిలో నరపురుగు లేదు. ప్రతి ఇంటి కిటికీలోనూ నీలం వెలుగు ఒకేలా మినుకుమంటోంది. ఎవరో తలుపు తీసి పిల్లిని లోపలికి పిలుస్తుంటే ఆ సందులోంచి పాట వినిపించింది. ఇంకో ఇంట్లో పిల్లలు పకపకా నవ్వారు. కథలో వాళ్లెక్కడ నవ్వారో మార్నీకి చూడకుండానే తెలుసు. ఊరంతా టిబ్‌తో ఉంది, తను తప్ప. అయినా ఆగలేదు.

స్కూలు వెనక రింకులో దీపాలు వెలుగుతున్నాయి. కుర్రాళ్లు గిరగిరా తిరుగుతున్నారు. వెర్న్ గేటు దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు. ఎదురుగా కోచ్.

"ఆలస్యమైందని నాకూ తెలుసు బాబూ. ఎందుకైందో చెప్పు" అంటున్నాడు ఆయన.

వెర్న్ నోరు విప్పడం లేదు. చెల్లెలి పేరు అతని నోటి నుంచి రావడం లేదు. అది చూసి మార్నీ గేటు దగ్గరికి దూసుకొచ్చింది.

"నా వల్లే అండీ!" అంది రొప్పుతూ. "రాసుకున్నానని అబద్ధం చెప్పాను. అన్నయ్యకి అసలు చెప్పనే లేదు. వాడి తప్పేం లేదు."

కోచ్ ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. కంగారులో కోటుకి ఒక్క బొత్తాము కూడా పెట్టుకోలేదు.

"ముందు ఆ బొత్తాములు పెట్టుకో" అన్నాడు. "వెర్న్, స్కేట్లు కట్టుకుని దిగు. కానీ రేపటి పేర్లు ఇందాకే చదివేశాను. నీ చోటు ఆర్విడ్‌కి ఇచ్చాను. వాడు ఎగిరి గంతేశాడు. ఇప్పుడు వాడి దగ్గర లాక్కోమంటావా?"

"వద్దండీ" అన్నాడు వెర్న్. వంగి స్కేట్లు కట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వెర్న్ పదడుగులు ముందు నడిచాడు. ఇంటిదాకా వెనక్కి తిరగలేదు.

అమ్మ వచ్చి గుమ్మంలో బూటు విప్పుతుండగానే మార్నీ జరిగిందంతా చెప్పేసింది.

"ఇంట్లో ఒక్కదానివే ఉంటే దిగులుగా ఉందని నాతో అనొచ్చు కదే!" అంది అమ్మ.

"అనడానికి నువ్వుండవుగా."

అమ్మ ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత మార్నీని దగ్గరికి లాక్కుంది.

మర్నాడు వెర్న్ ఒక్కడే ఆటకి వెళ్లాడు. మార్నీ ఎప్పుడూ వాడి ఆట చూడలేదు. "ఆ చలిలో, ఆ కర్రలాట ఎవరు చూస్తారు?" అనేది. ఇవాళ రెండు జతల మేజోళ్లు తొడుక్కుని బయల్దేరింది. ఆటగాళ్ల బెంచీకి సరిగ్గా వెనకున్న చెక్క మెట్టు మీద కూర్చుంది.

బెంచీ చివర వెర్న్ ఉన్నాడు. తల తిప్పలేదు. ఆట మొదలైంది. మార్నీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. జనం చప్పట్లు కొడితే తనూ కొట్టింది. ఒకసారి అందరికన్నా గట్టిగా కొట్టింది. తీరా చూస్తే ఆ గోలు అవతలి జట్టుది. పక్కన కూర్చున్న ముసలాయన ఇటు తిరిగి కళ్లజోడు సర్దుకుని మరీ చూశాడు. వెర్న్ భుజాలు కొంచెం కదిలాయి. నవ్వాడో, చలికి వణికాడో తెలియలేదు.

ఆట సగమైంది. కోచ్ వెర్న్‌ని పిలవలేదు. మార్నీ కదలకుండా కూర్చుంది. కాళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

"చలేస్తోందా?" అని వినిపించింది. వెర్న్ తల తిప్పకుండానే అడిగాడు.

"లేదు."

"మళ్లీ అబద్ధమా?"

మార్నీ పెదవి కొరుక్కుంది.

"వేస్తోంది. చాలా. కాళ్లు తెలియడం లేదు. నువ్వు ఆడకుండా కూర్చుంటే చూడలేకపోతున్నా. అయినా ఇంటికి వెళ్లను."

వెర్న్ కాళ్ల దగ్గరున్న ఫ్లాస్కు తీశాడు. దాని మూత నిండా వేడి కోకో పోసి, భుజం మీదుగా వెనక్కి చాచాడు.

"తాగు. నా కోపం ఇంకా పోలేదు" అన్నాడు. "అదిగో, ఆ పదకొండో నంబరు వాణ్ణి చూడు. వాణ్ణి ఎందుకు ఆపేశారో చెప్తా. మళ్లీ అవతలి వాళ్లకి చప్పట్లు కొట్టి నా పరువు తీయకు."

మార్నీ కోకో రెండు చేతుల్తో పట్టుకుని, వినడానికి ముందుకి వంగింది.