ఒడిబియ్యం ఫొటో

బుచ్చిరాములు వస్తాడని వినోదకు వారం రోజులుగా తెలుసు. తెలిసి కూడా, తల మీద తువ్వాల వేసుకుని ఆ మనిషి స్టూడియో ముందు నిలబడేసరికి ఆమె వెనుక గదిలోకి తప్పుకుంది. భార్య పోయి మైలలో ఉన్నవాడు, లోపలికి రాలేదు. మెట్టు మీదే ఆగాడు. వారంలోనే సగమయ్యాడు. ఒంటి మీది చొక్కా ఇంకెవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది...

జమ్మికుంటలో పత్తి మార్కెట్ దాటాక రోడ్డు పక్కన రెండు గదులు వాళ్ళవి. ముందుది స్టూడియో, వెనుకది ఇల్లు. ముందు గదిలో ఆమె భర్త కరుణాకర్ కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. మధ్యనున్న పరదా వెనుక నిలబడి వినోద వింటోంది.

"తమ్మీ, సరోజన ఫొటో ఒకటి పెద్దది చెయ్యాలె. శుక్రవారం దినాలు. దండ ఎయ్యనీకి ఇంట్ల ఒక్క ఫొటో లేదు."

"ఏది చెయ్యమంటవన్నా?"

"ఏదేంది? బిడ్డకు ఒడిబియ్యం పోసింది చూడు, గది. గదొక్కటే కద అది దిగింది."

పన్నెండేళ్ళు మస్కట్‌లో పని చేసి వచ్చిన మనిషి బుచ్చిరాములు. అన్నేళ్ళూ భార్యాభర్తలు పక్కపక్కన నిలబడి ఒక ఫొటో దిగింది లేదు. తీరా అతను ఇంటికి చేరాక ఆమెకు జబ్బు బయటపడింది. మందులకు వెంట్రుకలన్నీ రాలిపోయాయి. అప్పటి నుంచి ఎవరు ఫొటోకని ఫోన్ ఎత్తినా సరోజన ముఖం తిప్పుకునేది.

కరుణాకర్ తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "అయితదన్నా. బుధవారం పొద్దుమూకె వరకు నేనే తెచ్చిస్త" అన్నాడు.

పరదా అంచు వినోద గుప్పిట్లో నలిగిపోయింది. ఏం తెచ్చిస్తాడు? ఆ ఫొటో లేదు. లేదన్న సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. తీసినవాడికీ, పక్కన లైటు పట్టుకున్న తనకూ...

రెండు నెలల కింద బుచ్చిరాములు బిడ్డ నవీన పెండ్లి. లగ్నమప్పుడు సరోజన పందిట్లోకి రాలేదు. లోపలి గదిలోనే పడుకుంది. లగ్నమయ్యాక, బిడ్డ ఒడి నింపి సాగనంపే ఒడిబియ్యం మాత్రం తన చేతుల మీదుగానే పోస్తానని పట్టుబట్టింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ అన్నీ పడుకున్నచోటు నుంచే సర్దించుకుంది. ఫోన్లలో తీస్తే అందరి స్టేటస్‌లలోకీ ఎక్కుతానని భయపడి, గదిలోకి ఎవరినీ రానివ్వవద్దని భర్తను గుమ్మంలో నిలబెట్టింది. వీడియో అతన్నీ బయటికి పంపింది. కరుణాకర్‌ను, లైటు పట్టే వినోదను మాత్రం పిలిపించుకుంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, "తమ్మీ, ఒక్కటి మంచిగ తియ్యి. బిడ్డ దగ్గర ఉంటది" అంది.

నవీన చాప మీద కూర్చుని ఒడి పట్టింది. "తల దించమ్మా. కండ్లు ఒడి దిక్కు" అన్నాడు కరుణాకర్. పెండ్లికూతుళ్ళందరికీ అతను చెప్పే మాటే అది. సరోజన మొదటి దోసిలి ఎత్తింది. సరిగ్గా అప్పుడు కెమెరా బిగుసుకుపోయింది. మీట నొక్కితే కదలదు. పదేండ్లు ఎండల్లో, పెండ్లి పందిళ్ళ పొగల్లో తిరిగిన కెమెరా అది. ఎన్నడు ఆగుతుందో దానికే తెలియాలి.

ఒడిబియ్యం పోస్తుంటే నడుమ ఆపమనడం అపశకునం. అదీ ఇంత జబ్బుతో ఉన్న తల్లిని! కరుణాకర్ ఆ మాట అనలేకపోయాడు. ఫ్లాష్ వెనుక చిన్న బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే కెమెరాతో పని లేకుండానే వెలుగు వస్తుంది. అతను అదే నొక్కాడు. గదంతా తెల్లగా వెలిగింది. సరోజన వెలుగు వైపు చూసి నవ్వింది. వినోదకు మాత్రం కెమెరా టకటక వినిపించలేదు. ఆ క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది.

ఐదు దోసిళ్ళూ అయ్యాయి. కెమెరా ఎప్పుడైనా తిరిగి కదులుతుందేమోనన్న ఆశతో కరుణాకర్ "మళ్ళోసారి అమ్మా" అన్నాడు. "ఐదే కద తమ్మీ పొయ్యాల్సింది" అంది సరోజన. అని, తనే మళ్ళీ, "సరేతియ్, బిడ్డకే కద. ఎక్కువైతె ఏమాయె" అని ఆరోది పోసింది. ఏడోది కూడా పోసింది. చెమటతో ముఖం తడిసిపోయింది. "వచ్చిందా తమ్మీ?" అని అడిగింది. "వచ్చిందమ్మా" అన్నాడు కరుణాకర్.

గంటకు స్నేహితుడు భానుప్రసాద్ తన కెమెరా ఇచ్చి పంపాడు. అప్పటికి సరోజన కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమెను మళ్ళీ లేపమని అడుగుదామని కరుణాకర్ గుమ్మం దాకా పోయాడు. కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. అప్పగింతల్లో ఆమె బదులు చెల్లెలు పోశవ్వ నిలబడింది. సరోజన ఆ మంచం మీది నుంచి మళ్ళీ లేవలేదు...

బుచ్చిరాములు వెళ్ళిపోయాక పరదా తొలగించుకుని వినోద ముందుకొచ్చింది. భర్త ఆమె వైపు చూడలేదు. వెనుక గదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్త కిష్టవ్వకు అసలు సంగతి తెలియదు గానీ, ఆ రోజు కెమెరా ఆగిందని మాత్రం తెలుసు. అక్కడి నుంచే అందుకుంది.

"నాగలికి ఒక్క ఎద్దును కట్టినోన్ని నేనైతె చూడలే. ఇంకో కెమెరా కావాలె అవ్వా అని నా కొడుకు ఎన్నిమాట్ల మొత్తుకున్నడు. కోడలు ఒట్టు పెట్టె. ఇంకేంది."

ఆ మాట వినోద గుండెల్లో దిగింది. నిజమే కదా! ఏడాది కింద భానుప్రసాద్ దగ్గర పాత కెమెరా ఒకటి ఉందని, లెన్సులు అవసరం లేదని, ఉన్నవే దానికీ సరిపోతాయని కరుణాకర్ పది రోజులు ఆమె వెంట తిరిగాడు. అంతకు ముందు ఏడాది మోజుపడి కొన్న డ్రోన్ బాసరలో గోదావరిలో పడిపోయింది. ఆ కోపం ఆమెకు ఇంకా ఆరలేదు. "నీకు ఉన్నయి రెండు చేతులు, పట్టేది ఒక్క కెమెరా. రెండోది మెడల ఏసుకుని ఊరేగుతవా?" అని నలుగురిలో నవ్వించింది. అతను వినకపోతే, బిడ్డ వనిత తల మీద అతని చెయ్యి పెట్టించి ఇంకో కెమెరా కొననని ఒట్టు వేయించింది. అప్పుడు అతను ఏమీ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. ఒక్క మాట అని ఉంటే, నీ వల్లనే అని ఉంటే, తానూ గట్టిగా ఏడ్చేది. ఆ మౌనం ముందు కన్నీళ్ళు కూడా రావడం లేదు ఆమెకు...

మరునాడు మధ్యాహ్నం వనిత బడిలో ఉంది. కిష్టవ్వ పక్కింటికి పోయింది. కరుణాకర్ స్టూడియోలో చాప పరిచాడు. పళ్ళెంలో పసుపు బియ్యం కలిపి పెట్టాడు. ఆకుపచ్చ అంచు చీర ఒకటి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆ రోజు సరోజన కట్టుకున్న చీర రంగే అది.

"ఇదేంది?" అంది వినోద.

"నీ చేతులు తీస్త. నవీన ఒడి పట్టుకుని కూసున్న ఫొటో, పొయ్యకముందు తీసింది, ఉన్నది. మొఖం ఆధార్ కార్డులకెల్లి పెడ్త. కంప్యూటర్ల కలిపితె ఎవలకు తెల్వది."

"నవీనకు తెల్వదా?"

"ఏడ్సుకుంట చూసేటోళ్ళకు ఏం తెలుస్తది వినోదా... నన్ను ఏం చెయ్యమంటవ్?"

అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వినోద కాదనలేకపోయింది. తాను పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. కట్టుకున్న చీర మీదే దాన్ని చుట్టుకుని, చాప మీద కూర్చుని, బియ్యంలో రెండు చేతులూ పెట్టింది. బియ్యం చల్లగా తగిలాయి. ఎదురుగా ఒడి లేదు. ఖాళీ చాప మీదికి దోసిలి ఎత్తింది. బాగు చేయించిన కెమెరా ఈసారి టకటకమని మోగింది. కరుణాకర్ తెరలో చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"చేతులు గట్టిగున్నయ్. జర వణకనియ్యి. ఆమె చేతులు వణికినయ్ కద."

ఆ మాటకు వినోద చేతులు నిజంగానే వణికాయి. బియ్యం చాప మీద చెదిరిపోయాయి. చచ్చిపోయిన మనిషి చేతుల వణుకును కూడా దొంగిలించడమేనా ఇది! ఆమె లేచి నిలబడింది. చీర విప్పి మడత పెట్టింది.

"నేను పోయి చెప్పొస్త."

"చెప్తె మల్ల మనను ఎవలు పిలుస్తరు?" అన్నాడు కరుణాకర్.

"పిలువకుంటె పిలువకపోనియ్యి."

చెదిరిన బియ్యం పళ్ళెంలోకి ఎత్తాక అతను బండి తాళం తీసుకున్నాడు. పత్తి చేలు దాటి ఊరు మొదట్లోకి వచ్చాక, బుచ్చిరాములు ఇంటి గల్లీ మలుపులో బండి ఆపేశాడు. అక్కడి నుంచి ముందుకు పోవడం అతని వల్ల కాలేదు. వినోద ఒక్కతే నడిచింది.

అత్తగారింటి నుంచి వచ్చిన నవీన వాకిట్లో తల్లి బట్టలు ఒక చోట పేరుస్తోంది. వినోదను చూసి, "ఫొటో తెచ్చినవా అక్కా?" అని ఎదురొచ్చింది.

వినోద వాకిట్లో అరుగులా ఉన్న గద్దె మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కెమెరా ఆగిన సంగతి, బటన్ నొక్కిన సంగతి, చాప మీద తాను కూర్చుని ఎత్తిన దోసిలి సంగతి, ఏడాది కింద తాను వేయించిన ఒట్టు, ఏదీ దాచలేదు. తప్పు ఆయనది ఒక్కనిదే కాదు, నాది కూడా అంది.

నవీనకు మొదట అర్థం కాలేదు. "లైటు వచ్చింది కదక్కా?"

"లైటు వచ్చింది. ఫొటో రాలే."

నవీన చేతిలోని చీర జారి కింద పడింది. "ఏడుసార్లు పోయించిండు... రాని ఫొటోకు మా అవ్వ చేతులు ఏడుసార్లు లేపిచ్చిండు." వంగి ఆ చీర ఎత్తుకుంది. "నేను తలెత్తలే అక్కా. అన్న దించుమన్నడు. అవ్వ మొఖం తర్వాత ఫొటోల చూస్త కద అనుకున్న..."

లోపలి నుంచి బుచ్చిరాములు అంతా విన్నాడు. గుమ్మంలోకి వచ్చాడు. అరవలేదు. "నీ పెనిమిటిని నా కండ్ల పడొద్దని చెప్పు" అని, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు.

వినోద తిరిగింది. రెండడుగులు వేసేసరికి నవీన వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"నువ్వు చూసినవా? అవ్వ మొఖం?"

"చూసిన. లైటు నా చేతులనే ఉండె."

"చెప్పు."

అప్పుడు గద్దె మీద కూర్చున్నారు ఇద్దరూ. నెత్తి మీది కొంగు జారితే, చేతుల నిండా బియ్యం ఉన్నాయని సరోజన భుజంతో ఎట్లా సర్దుకుందో చెప్పింది వినోద. ఒక్కో దోసిలికి పెదవులు కదిలించి ఎట్లా లెక్కపెట్టుకుందో, నవ్వినప్పుడు పక్కపన్ను మీద పెదవి ఎట్లా ఆగిందో చెప్పింది. నవీన కళ్ళు మూసుకుని వింది. ఒక్క సంగతి మాత్రం వినోద ఆ రోజు చెప్పలేకపోయింది. అది ఆ పిల్ల ఇప్పుడు మొయ్యలేదనిపించింది...

దినాల నాడు ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించి దండ వేశారు. అందులో సరోజన సరోజనలా లేదట. చూసినవాళ్ళు చెప్పారు. కరుణాకర్ ఉత్త లైటే వెలిగించిన సంగతి ఊరూరా పాకింది. ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్ళ పెండ్లిళ్ళకు కరుణాకర్‌ను ఎవరూ పిలవలేదు. స్టూడియోలో బడి పిల్లల పాస్‌పోర్టు ఫొటోలే మిగిలాయి.

ఒక సోమవారం వినోద బిడ్డను తీసుకుని వేములవాడ గుడికి పోయింది. రాజన్న ముందు వనిత తల మీద చెయ్యి పెట్టి తాను వేయించిన ఒట్టు విడిచిపెట్టింది. ఇంటికొచ్చి, భానుప్రసాద్ దగ్గరి కెమెరా ఇంకా ఉంటే తెమ్మంది భర్తతో.

"ఎవలు పిలుస్తరని?" అన్నాడు అతను.

"పిలిచిననాడు చూద్దాం. రెండోది నేను పడ్త."

కిష్టవ్వ ఇద్దరికీ చాయ్ తెచ్చి పెట్టింది.

మళ్ళీ పిలుపులు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఒడిబియ్యం పోసేటప్పుడు ఇప్పుడు ఒక పక్క కరుణాకర్, ఇంకో పక్క వినోద నిలబడతారు. పెండ్లికూతురిని తల దించమని అతను చెప్పడు. "మీ అవ్వ దిక్కు చూడమ్మా. మంచిగ చూడు" అంటాడు.

నవీన ఆల్బం అంత కాలమూ స్టూడియోలోనే ఉండిపోయింది. చివరికి నవీనే కబురు పంపింది. ఒడిబియ్యం ఉండాల్సిన చోట ఒక పేజీ ఏమీ లేకుండా వదలమంది. అట్లాగే చేసి, వినోద ఒక్కతే తీసుకుపోయి ఇచ్చింది. నవీన ఒక్కో పేజీ తిప్పుతూ తెల్ల పేజీ దగ్గర ఆగింది. దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకేమన్న ఉన్నదా అక్కా? నాకు చెప్పంది?"

వినోద ఆమె పక్కన కూర్చుంది.

"ఉన్నది. ఏడో దోసిలి పోసినంక మీ అవ్వ, నీ పాపిట్ల లగ్నంల పోసుకున్న తలువాల బియ్యపు గింజ ఒకటి చిక్కుకున్నది చూసింది. తీద్దామని చెయ్యి లేపింది. ఫొటో చెడుతదనుకున్నదో ఏమో... మల్ల దించుకున్నది."

నవీన చెయ్యి మెల్లగా పైకి లేచి పాపిట మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. అయినా చెయ్యి అక్కడే ఉండిపోయింది.