వెనక వరండా

ఆ ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళే వెనక వరండాకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు ఒంటరిగా వెళ్ళిన డాక్టర్లు మర్నాడు ఎవరితోనూ పెదవి విప్పరని... కొందరు ఉద్యోగమే మానేశారని చెప్పుకుంటారు.

మా వదిన అక్కడ సర్జన్. దెయ్యాల మాటెత్తితే నవ్వేసేది — ఆ రాత్రి వరకూ.

ఆ రాత్రి కడుపునొప్పితో ఒక దర్జీ వచ్చాడు. అపెండిక్స్ కావచ్చు, కాకపోనూవచ్చు. తెల్లారేదాకా కనిపెట్టుకుని ఉంటే తేలిపోతుంది. అంతలో మేనేజర్ ఫోన్.

"ఈ నెల ఆపరేషన్లలో అందరికన్నా వెనక మీరే మేడమ్. పైవాళ్ళు అడుగుతున్నారు... మీ కాంట్రాక్టు సంగతి కూడా చూడాలి కదా."

వదిన ఫోన్ పెట్టేసింది. అప్పటికి అన్నయ్య ఉద్యోగం పోయి ఇంట్లోనే ఉన్నాడు.

"థియేటర్ సిద్ధం చెయ్యి," అంది నర్సుతో.

వెనక వరండాలోంచే వెళ్ళాలి. సగం దూరం పోయేసరికి... గోడవారగా ఒక స్ట్రెచర్. దాని మీద ఎవరో ముసలావిడ, మెడదాకా దుప్పటి. ఇక్కడెవరు వదిలేశారో అనుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

చల్లటి చెయ్యి ఒకటి మణికట్టు పట్టుకుంది.

"ఇది నిజంగా అవసరమేనా... అమ్మా?"

గుసగుసే. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది అంటుంది వదిన.

"తెలీదమ్మా," అంది.

చెయ్యి వదిలింది. చూస్తే స్ట్రెచర్ లేదు, ఎవరూ లేరు.

వదిన వెనక్కి పరుగెత్తింది. ఆపరేషన్ ఆపించి, దర్జీ మంచం పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. తెల్లారేసరికి అతని నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

పొద్దున్నే మేనేజర్ పిలిపించాడు. ఎలాగూ ఉద్యోగం పోయినట్టే అనుకుని, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. లేచి, తలుపు మూసి వచ్చాడు.

"ఆ వరండాకి తాళం వేయిస్తాను. డాక్టర్లందరినీ ఆవిడ అదే అడుగుతోంది."

"మీరూ... చూశారా?"

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇక్కడ చేరిన కొత్తలో, లెక్కకి ఒక్క ఆపరేషన్ తక్కువైంది మేడమ్. మోకాలి నొప్పే. నేనే నచ్చజెప్పి, మా ఇంట్లోంచి తీసుకొచ్చాను. మళ్ళీ లేవలేదు..."

గొంతు తగ్గించాడు.

"నన్ను మాత్రం ఏమీ అడగదు. తల నిమిరి... 'తిన్నావా నాన్నా' అంటుంది."