సార్ చెప్పని మాట

ఒంటిపూట బడి వదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. భాను గుమ్మం ముందు చెప్పులు విడిచి, బ్యాగు కొక్కేనికి తగిలించి, నేరుగా నీళ్ల కుండ దగ్గరికి వెళ్లింది. కుండ అడుగున చెంబెడు నీళ్లే ఉన్నాయి.

తల్లి కళావతి అప్పుడే మిరప చేను నుంచి వచ్చింది. పొద్దుటి నుంచి వంగి కాయలు ఏరడంతో వేళ్లు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటోంది. చిన్న బిందె పట్టుకుని బోరింగుకు రమ్మని కూతుర్ని పిలిచింది. బోరింగు వాగుకు అవతల, అడవి మొదలయ్యే చోట ఉంది. రోజూ ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు.

ఆ రోజు భానుకు వెళ్లాలనిపించలేదు. పక్కింట్లో ఉండే తన తరగతి భార్గవి వాళ్ల టీవీలో సినిమా వస్తోంది.

"సార్ చెప్పిండమ్మా. పిల్లలు బరువులు మొయ్యొద్దంట. మోస్తే ఎన్నుపూస వంగుతదంట," అంది.

సార్ అంటే జగదీష్ సార్. బడిలో ఆటలు, ఆసనాలు నేర్పుతాడు. ఆ వారమంతా ఆయన ఆరో తరగతి పిల్లలకు నడుము గురించే చెప్పాడు. గూని పడి కూర్చోవద్దన్నాడు. బ్యాగు ఒక్క భుజానికే వేలాడేసుకోవద్దన్నాడు. బరువు ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచాలన్నాడు. ఒక్కరే మొయ్యకుండా పంచుకుని మొయ్యాలన్నాడు. ఎక్కువసేపు వంగి పని చేసేవాళ్లు మధ్యమధ్యలో లేచి ఒళ్లు విరుచుకోవాలన్నాడు. ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చూపించమన్నాడు. పిల్లలు శక్తికి మించిన బరువు మొయ్యకూడదని కూడా అన్నాడు. భాను ఆ ఒక్క మాటే పట్టుకుంది. అందులోనూ 'శక్తికి మించిన' అన్నది వదిలేసింది.

కళావతి ఎన్నడూ బడికి పోలేదు. బడిలో చెప్పే మాటంటే ఆమెకు గురి. కూతురి సన్నని వీపు వైపు ఒకసారి చూసింది.

"సార్ చెప్పిండంటే నిజమే ఉంటది. నువ్వుండు బిడ్డా, నేను తెస్త," అంది.

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని భాను అనుకోలేదు. భార్గవి ఇంటికి పరుగెత్తింది.

మర్నాడు కూడా అదే మాట చెప్పింది. ఆ తర్వాత చెప్పే పని కూడా లేకపోయింది. కళావతి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని ఒక్కతే వాగు దాటి వచ్చేది. ఎక్కువసార్లు తిరగలేక చిన్న బిందె మానేసి, రెండూ పెద్దవే తీసుకెళ్లేది.

బడిలో మాత్రం భానుకు మంచి పేరు వచ్చింది. ఆసనాలన్నిటిలో ఆమెదే పైచెయ్యి. బోర్లా పడుకుని, అరచేతులు నేలకు ఆనించి, పాములా తల పైకెత్తితే జగదీష్ సార్ మిగతా పిల్లలను ఆమెను చూసి నేర్చుకోమనేవాడు. వార్షికోత్సవం నాడు అందరి ముందు నిలబడి చేయించేది భానే అని చెప్పాడు. ఆ సంగతి విని కళావతి చేను గట్టు మీద అందరికీ చెప్పుకుంది.

ఒక సాయంత్రం భాను వాకిట్లో చాప పరుచుకుని సాధన చేస్తోంది. కళావతి బిందెలు దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడి చూసింది.

"నా నడుముకు గూడ ఏమన్న చెప్పిండా మీ సారు? పొద్దుగూకితే నిలువనిస్తలేదు," అంది.

చెప్పడానికి అన్నీ భాను నాలుక చివర ఉన్నాయి. కానీ పంచుకుని మొయ్యాలన్న మాట బయటికి వస్తే, చిన్న బిందె మళ్లీ తన చేతికి వస్తుంది.

"పెద్దోళ్లకు కాదంటమ్మా. పిల్లలకేనంట," అంది.

కళావతి నవ్వి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు గడిచాయి. భాను అన్నం తింటుండగా చిన్నక్క వచ్చి అమ్మ పడిపోయిందని చెప్పింది. చిన్నక్క వాళ్ల వీధిలోనే ఉండే పెద్దావిడ. భాను చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తింది. బోరింగు పక్కన బురదలో కళావతి ఒక పక్కకు ఒరిగి పడుంది. నిండు బిందెను ఒక్క ఊపున ఎత్తబోతే నడుములో ఏదో పట్టుకుందట. ఇటు తిరగలేదు, అటు తిరగలేదు. ఆడవాళ్లు మంచం తెచ్చి, దాని మీద మోసుకొచ్చారు.

చిన్నక్క వావిలాకు వేడి చేసి కాపడం పెట్టింది. కొంచెం హాయిగా ఉందని కళావతి అంది కానీ, రాత్రికి ఎడమ కాలు తిమ్మిరెక్కి మొద్దుబారింది. మరునాడు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే తండ్రి ప్రభాకర్ వచ్చాడు. ఆయన సారపాకలో కాంట్రాక్టు పనిలో ఉండి, ఆదివారాలే ఇంటికి వస్తాడు. జీపు కిరాయికి తీసుకుని, కళావతిని భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాడు.

నడుములో డిస్కు పక్కకు జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఒక్కరోజులో వచ్చిన నొప్పి కాదనీ, ఏళ్ల తరబడి వంగిన నడుము మీద మోయలేని బరువు పడిందనీ అంది. బిందె ఎత్తకూడదు. ఈ ఏడు మిరప ఏరడానికి పోకూడదు. బీడీల తునికాకు కోతకన్నా లేస్తానా అని కళావతి అడిగింది. డాక్టరమ్మ చూద్దామంది తప్ప లేస్తావని అనలేదు.

మూడు రోజులుగా భాను బడికి రాలేదని జగదీష్ సార్ ఇంటికి వచ్చాడు. కళావతి లేవబోతే వద్దని వారించి, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. భాను తలుపు వెనక నిలబడింది.

"మీకు దండం పెట్టాలె సార్," అంది కళావతి. "పిల్లలతోటి బరువులు మోపియ్యొద్దని మీరు చెప్పకపోతే, నేను దీనితోటి గూడ మోపిద్దును. దీని నడుమన్న సక్కగుంటది."

సార్ తలుపు వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. భాను మాట్లాడుతుందేమోనని ఆగినట్టు ఉంది. తర్వాత లేచి, ఒళ్లు జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయాడు. తను అలా చెప్పలేదని ఆయన ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన అనలేదు. ఇక చెప్పాల్సింది తనే అని భానుకు తెలిసింది.

ఆమె మంచం దగ్గరికి వచ్చింది. మంచం కోడు పట్టుకుని మెల్లగా చెప్పింది.

"సార్ గట్ల చెప్పలేదమ్మా. పంచుకోని మొయ్యాలన్నడు. మోకాళ్లు వంచి ఎత్తాలన్నడు. నీకు గూడ చెప్పుమన్నడు."

కళావతి కేకలు వేస్తుందేమో అనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. కళావతి పైకప్పు కేసి చూసింది.

"నేను అడిగిన గద బిడ్డా," అంది.

అంతే. గోడ వైపు తల తిప్పుకుంది.

మర్నాడు తెల్లవారక ముందే భాను బోరింగుకు వెళ్లింది. రెండు చిన్న బిందెలు సగం సగం నింపింది. మోకాళ్లు వంచి, బిందెలను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేచి, రెండు చేతులా సమంగా మోసుకుంటూ వచ్చింది. సగం సగమే కాబట్టి ఎక్కువసార్లు తిరగాల్సి వచ్చింది. రోజూ నీళ్లు మోసి, అన్నం వండి, బడికి వెళ్లేసరికి మొదటి గంట అయిపోయేది. ఆసనాల సాధన ఆ గంటలోనే. వార్షికోత్సవం నాడు అందరి ముందు నిలబడి చేయించింది భార్గవి. భాను వెనక వరసలో నిలబడి చేసింది.

మిరప చేను పని అయిపోయింది. తునికాకు కోత వచ్చింది, పోయింది. ఊరివాళ్లు ఆకు కట్టలు పట్టుకుని ఇంటి ముందు నుంచి పోతుంటే కళావతి గోడ పట్టుకుని నిలబడి చూసింది. భానుతో మాట్లాడేది, కానీ అవసరమైనంత వరకే. కూర మాడుతోందని, మేక తాడు తెంపుకుందని. నవ్వు మాత్రం లేదు.

వానలు మొదలయ్యే ముందు డాక్టరమ్మ చిన్న చిన్న కసరత్తులు చేసుకోవచ్చంది. అవి సరిగ్గా ఎలా చేయించాలో భాను జగదీష్ సార్ దగ్గరికి వెళ్లి అడిగి నేర్చుకుంది. సాయంత్రం వాకిట్లో చాప పరిచింది. కళావతి గోడ ఆసరాతో వచ్చి, ఒక పక్కకు తిరిగి, మెల్లగా వెల్లకిలా పడుకుంది.

"సార్ చెప్పిందంత చెప్పు," అంది. "ఏదీ మింగకు."

భాను పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ముందు నొప్పి పుడితే ఆపాలన్న మాట చెప్పింది. ఊపిరి బిగబట్టొద్దన్న మాట చెప్పింది. తర్వాత తల్లి మోకాలు ఒక్కటే వంచి, నెమ్మదిగా పొట్ట వైపు తెచ్చింది. కళావతి ముఖం బిగుసుకుంది. చెయ్యి ఎత్తింది. భాను వెంటనే ఆపింది. నొప్పి తగ్గేదాకా కదలకుండా కూర్చుంది.

కళావతి చెయ్యి దించాక, ఇంకో కాలు పట్టుకుంది.