స్కెల్‌గార్త్ బడిలో మూడు గంటల మౌనం

స్కెల్‌గార్త్ బడిలో గారూ లేదు, దొరా లేదు. హెడ్మాస్టరునైనా పేరు పెట్టే పిలుస్తారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ పద్ధతే అంత. ఆదివారం నాడు పాదిరీ ఉండడు, పాట ఉండదు. ఎదురెదురు బల్లల మీద అందరూ నోరు కట్టేసుకుని కూర్చుంటారు. లోపలి నుంచి ప్రేరణ కలిగినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెబుతారు, కలగకపోతే అదీ లేదు. గంట గడిచాక ముందు బల్ల మీది పెద్దలిద్దరూ చేతులు కలుపుతారు. అప్పుడే సభ ముగిసినట్టు. అంతదాకా ఇల్లు కాలిపోతున్నా కదలరని ఊళ్ళోవాళ్ళు ఎకసెక్కంగా అంటుంటారు.

మెర్సీ విగమ్ ఆ బడిలోనే చదివింది. ఇప్పుడామెకు అరవై ఎనిమిది. మనవరాలు టామ్సిన్‌ని కూడా అక్కడే హాస్టల్లో చేర్పించారు. తల్లి నౌకాదళపు ఆసుపత్రి ఓడలో నర్సు, ఏడాదిలో సగం సముద్రం మీదే ఉంటుంది. అందుకని పిల్ల మంచీ చెడూ అంతా అమ్మమ్మదే. ఈమధ్య బడి చరిత్ర రాసే పని కూడా పాత విద్యార్థుల సంఘం మెర్సీ నెత్తిన రుద్దింది.

ఆ బడి చరిత్రలో అందరూ గొప్పగా చెప్పుకునేది ఒక్కటే రోజు. 1847 జనవరిలో ఒక ఆదివారం నాడు, ఆ హాల్లో మూడు గంటల పాటు ఒక్కరూ కదల్లేదట, పెదవి విప్పలేదట. దైవం దిగివచ్చిన రోజని పిల్లలకు పాఠంలా చెబుతారు. ఏటా అదే ఆదివారం పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒక గంట మౌనంగా కూర్చుని వెళ్తారు. ఆ రోజు హాల్లో దీపాలు వెయ్యరు, వెచ్చదనానికి హీటర్లూ వెయ్యరు. అప్పటివాళ్ళకు లేనివి మనకెందుకని.

ఆ ఏడు ఆ ఆదివారం పొద్దున లైబ్రరీలో మెర్సీ ఒక పాత ఉత్తరం తీసి జాస్పర్ హార్కర్ ముందు పెట్టింది. జాస్పర్ ఆమెతో కలిసి చదువుకున్నవాడే, ఇప్పుడు సంఘానికి పెద్ద. ఉత్తరం రాసింది మెర్సీ ముత్తవ్వకు తల్లి, హానా. 1847లో ఆమెకు పదకొండేళ్ళు. ముసలితనంలో, ఇంక దాచుకోలేక రాసింది.

"కెజియా లాంబ్ నా ఎడమ పక్కన కూర్చుంది. ఒళ్ళు కాలుతోందని పొద్దున్నే చెప్పింది. సభ మొదలైన కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ముందు వేడిగా ఉంది, తరువాత చల్లబడింది, ఆ తరువాత బిగుసుకుపోయింది. నాకు తెలిసింది. ప్రేరణ లేకుండా నోరు విప్పకూడదని నేర్పారు కనుక విప్పలేదు. ఎదురుగా ఉన్న పెద్దలకూ తెలిసింది, వాళ్ళ కళ్ళలో చూశాను. ఎవరో ఒకరు లేస్తారని అందరం కాచుకుని కూర్చున్నాం. మూడు గంటలు."

జాస్పర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది పుస్తకంలో వద్దు మెర్సీ."

"చరిత్ర రాయమన్నది నువ్వే కదయ్యా."

"చరిత్ర రాయమన్నాను, కొంపకి నిప్పు పెట్టమన్లేదు. ఈ ఏడు కొత్తగా చేరినవాళ్ళు పదకొండు మందే. ఇది అచ్చయిందంటే వచ్చే ఏటికి బడికి తాళం పడుతుంది. అప్పుడు నీ టామ్సిన్ ఎక్కడికి పోతుంది?"

"పిల్ల ప్రాణం పోతుంటే తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు జాస్పర్. దాన్ని మనం పండగ చేసుకుంటున్నాం."

"నూట డెబ్భై ఏళ్ళు దాటిపోయిన సంగతి. ఆ పిల్ల కోసం ఇప్పుడు ఏడ్చేవాళ్ళెవరున్నారు చెప్పు?"

మెర్సీ ఉత్తరం తన ముందుకు లాక్కుంది. "సరే, తీసేస్తాలే" అంది. ఆ మాట అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది. ఉత్తరం మడిచి కోటు జేబులో కుక్కుకుంది.

మూడింటికి హాలు గుమ్మంలో టామ్సిన్ ఎదురొచ్చింది. "ఒళ్ళు వెచ్చగా ఉంది అమ్మమ్మా. లోపలికి రాకపోతే ఏమన్నా అంటారా?"

మెర్సీ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కొంచెం వెచ్చగానే ఉంది. వెనక నుంచి జనం వస్తున్నారు, జాస్పర్ చూస్తున్నాడు. "గంటే కదమ్మా. అయిపోగానే పాలు తాగి పడుకుందువుగాని" అని లోపలికి పంపింది.

హాలు నిండా తడిసిన ఉన్ని కోట్ల వాసన, పాత చెక్క వాసన. బయట సన్నగా మంచు జల్లు కిటికీల మీద గీరుతోంది. నూటికి పైగా మనుషులున్నారు, అయినా వినిపిస్తున్నది గోడ గడియారం ఒక్కటే. టామ్సిన్ ఎదుటి బల్ల చివర కూర్చుంది. మిగిలిన పిల్లలంతా ఆమెకు కుడి పక్కన ఒకరినొకరు ఒరుసుకుని ఇరుక్కున్నారు. ఎడమ పక్కన మాత్రం ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీ. అక్కడ కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. ఎవరూ కూర్చోలేదు.

మూడున్నరకల్లా చీకటి పడడం మొదలైంది. ముందు మూలలు మాసిపోయాయి, తరువాత మనుషుల కాళ్ళు, ఆ తరువాత ఒళ్ళో పెట్టుకున్న చేతులు. ముఖాలు మాత్రం వెలిసిపోయిన గుడ్డ ముక్కల్లా మిగిలాయి. ఎక్కడి నుంచో కొత్త వాసన వచ్చింది. పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తి ఆర్పినప్పటి కమురు... దానితో వెనిగర్ పులుపు. పాతకాలంలో జ్వరం వచ్చినవాళ్ళ నుదుటికి వెనిగర్ గుడ్డ వేసేవారని మెర్సీ ఎక్కడో చదివింది. 

గడియారం నాలుగు కొట్టింది.

సభ ముగించడానికి ముందు బల్ల మీది జాస్పర్ పక్కనున్న రెండో పెద్ద ఆలివ్ వైపు తిరిగి చెయ్యి చాపాలి. చాపలేదు. నాలుగూ ఐదు... నాలుగూ పది... చెయ్యి మోకాలి మీదే ఉంది. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి ఎటు చూస్తున్నాయా అని మెర్సీ అటు తిరిగింది.

టామ్సిన్ వైపు.

పిల్ల నిటారుగా కూర్చుని ఉంది. మరీ నిటారుగా. ఎడమ చెయ్యి ఖాళీ చోటులో, బల్ల మీద ఉంది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, దేన్నో పట్టుకున్నట్టు. ఆ చలికి పిల్లలందరి నోటి నుంచి పొగ లేస్తోంది. మెర్సీ వరసనే చూసుకుంటూ వచ్చింది. ఈ పిల్ల నోటి నుంచి పొగ... ఆ పిల్లాడి నోటి నుంచి పొగ... టామ్సిన్ నోటి నుంచి లేదు.

పక్కనున్న ఖాళీ చోటులోంచి లేస్తోంది. చిన్నగా... ఒక్కొక్కటిగా... ఆగి ఆగి.

 లేవాలి. లేవాలని మెర్సీకి తెలుసు. అరవై ఏళ్ళ అలవాటు రెండు భుజాలూ పట్టుకుని అదిమేసింది. ఎవరో ఒకరు లేస్తారు... పిల్లల పక్కనే టీచరు ఉంది కదా... జాస్పర్ చూస్తున్నాడు కదా... అని మనసు అంటూనే ఉంది. అది హానా మాటేనని అప్పుడు తెలిసింది.

లేచి నిలబడింది. "నా మనవరాలు ఊపిరి తియ్యడం లేదు."

ఎవరూ తల తిప్పలేదు. ఒక్కొక్కరే తల ఇంకాస్త వంచుకున్నారు. పక్కనున్న ఆవిడ కళ్ళు మూసుకుని, మంచి మాట విన్నట్టు మెల్లగా తలూపింది. సభలో లేచి పలికిన మాట ఏదైనా ప్రేరణే. విన్నవాళ్ళు దాన్ని మౌనంగా మననం చేసుకోవాలి. చిన్నప్పటి నుంచీ మెర్సీ కూడా చేసింది అదే.

"ఇది ప్రేరణ కాదు... చూడండి... నా పిల్లని చూడండి..."

తలలు ఇంకా వంగాయి.

ఇంక ఆగలేదు. హాలు మధ్యకు నడిచింది. చెక్క నేల అడుగడుగునా కిర్రుమంది. టామ్సిన్ కుడి చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. అవతలి వైపు నుంచి ఎవరో అంతే బలంతో లాగుతున్నారు. ఎదురుగా చోటు ఖాళీ. చల్లగా, పుల్లగా ఊపిరి ముఖానికి తగిలింది.

మెర్సీ మోకాళ్ళ మీద కూలబడింది. గొంతు తగ్గించి, జ్వరపడ్డ పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. "కెజియా... నేను హానా మనవరాలి మనవరాలిని. తప్పు మాదేనమ్మా. పుస్తకంలో రాస్తాను. ఎవరు వద్దన్నా రాస్తాను. దీన్ని వదులు... నాకిది ఒక్కతే."

కొంతసేపు ఏమీ జరగలేదు. తరువాత పట్టు సడలింది. ఒక్కో వేలూ విడిచినట్టు... మెల్లగా.

టామ్సిన్ నీళ్ళలోంచి తేలినట్టు గట్టిగా ఊపిరి పీల్చింది. మెర్సీ పిల్లను భుజానికి ఆనించుకుని, ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో, ఈడ్చుకుంటూ తలుపు దాకా వచ్చింది. వెనక ఒక్క బల్ల కూడా చప్పుడు చెయ్యలేదు.

బడి నర్సు బ్రిడ్జెట్ క్వేకరు కాదు. పక్క ఊరి మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. థర్మామీటరు చూసి మెర్సీని కడిగేసింది. "నూట మూడు. ఈ ఒంటితో పిల్లని ఐసుపెట్టెలో కూర్చోబెడతారా? ఇంత చదువుకున్నారు, ఎందుకు తగలెయ్యనూ?" తిడుతూనే రెండు దుప్పట్లు కప్పింది, వేడి పాలు పట్టించింది. టామ్సిన్ ఎడమ చెయ్యి చూసి మాత్రం మాట ఆపేసింది. మణికట్టు చుట్టూ నాలుగు నీలం చారలున్నాయి. సన్నటి వేళ్ళవి.

"ఆ అమ్మాయి ఏమన్నా అందా?" అని మెర్సీ గుసగుసగా అడిగింది.

"ఏమీ అనలేదు అమ్మమ్మా. చెయ్యి పట్టుకుంది, అంతే. బాగా భయపడుతోంది." కళ్ళు మూతలు పడుతుంటే టామ్సిన్ ఆ మాట చెప్పి నిద్రలోకి జారుకుంది.

ఐదు దాటింది. ఐదున్నర దాటింది. కింద భోజనశాలలో టీ చల్లారిపోయింది, పళ్ళేల్లో అల్లం కేకులు కోసినవి కోసినట్టే ఉన్నాయి. హాలు వైపు నుంచి ఒక్క అడుగుల చప్పుడు లేదు. ఆరింటికి బ్రిడ్జెట్ టార్చి తీసుకుని లేచింది. "మీవాళ్ళకి ఇంక టైము తెలియదా? నేనెళ్ళి నాలుగు తగిలించి వస్తాను."

మెర్సీ వద్దనబోయింది. పిల్లని వదిలి తను వెళ్ళలేదు. అక్కడున్న నూరుమందిని వదిలెయ్యనూ లేదు. వరండాలో బ్రిడ్జెట్ బూట్ల చప్పుడు దూరమైంది. తలుపు తెరుచుకుంది. తరువాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ అడుగులు వినిపించాయి. ఈసారి మెల్లగా, మునివేళ్ళ మీద నడిచినట్టు.

బ్రిడ్జెట్ గుమ్మంలో నిలబడింది. టార్చి ఆర్పేసి ఉంది.

"ఇంకా కూర్చునే ఉన్నారు" అంది. ఆమె గుసగుసలాడడం మెర్సీ ఎప్పుడూ వినలేదు. "ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని... అందరూ. జాస్పర్‌ని పిలుద్దామని వెళ్ళాను. నోరు రాలేదు. అంత నిశ్శబ్దంగా ఉంటే ఎలా కదుపుతాం చెప్పు?"

"బతికే ఉన్నారా?"

 బ్రిడ్జెట్ మెర్సీ భుజం మీదుగా మంచం వైపు చూస్తోంది.

"నేను వెనక్కి తిరుగుతుంటే అందరూ ఒకేసారి కొంచెం పక్కకి జరిగారు మెర్సీ. ఇద్దరు పట్టేంత చోటు."

వెనకాల మంచం కిర్రుమంది. టామ్సిన్ కిందికి దిగి, ఒంటి చేత్తో బూట్లు తొడుక్కుంటోంది. ఎడమ చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు పక్కకి చాచి ఉంది.