రెండో సంతకం

పెళ్లయి మూడు వారాలైనా తియాంజానెకు ఆ ఇంట్లో ప్రతి ఉదయమూ కొత్తగానే ఉండేది. కాగుతున్న మొక్కజొన్న గంజి వాసన, జోంబా కొండ మీంచి దిగే మంచు, గుమ్మంలో తన చెప్పులకు ఆనుకుని భర్త లుసుంగు చెప్పులు... చూసుకుంటే ఊరికే నవ్వొచ్చేది.

నాలుగు రోజులుగా మాత్రం ఏడు గంటలయ్యేసరికి ఆ నవ్వు ఆగిపోయేది.

అత్తగారు ఫలేసి ముప్పయ్యెనిమిదేళ్లు నర్సుగా చేసిన మనిషి. రిటైరైనా రవిక మీద తలకిందులుగా వేలాడే నర్సుల గడియారం తీయలేదు. మామగారి గుండె మాత్రకు వార్డులోలాగే ఇంట్లోనూ చార్టు పెట్టింది. ముందు నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. అరవైకంటే తగ్గితే మాత్ర ఆపేయాలి. ఇద్దరు సంతకం చేయాలి. కోడలు కూడా నర్సే కాబట్టి రెండో సంతకం ఆమెది.

మొదటి రోజు ఆ పెన్ను అందుకుని తియాంజానె పొంగిపోయింది. నాడి సరిగ్గా చూశారా లేదా అని కూడా గమనించలేదు.

మామగారికి టీ ఇవ్వాలంటే కోడలు మోకాళ్ల మీద కూర్చోవాలి, అది అక్కడి మర్యాద. అలా కూర్చున్నప్పుడు ఆయన మణికట్టు సరిగ్గా ఆమె కళ్ల ముందుంటుంది. నాలుగు రోజుల క్రితం చూసింది. అత్తగారి వేళ్లు నాడి మీద లేవు, అవతలి ఎముక మీదున్నాయి. చార్టులో మాత్రం రోజూ డెబ్బైరెండే. ప్రతి డెబ్బైరెండు పక్కనా తన సంతకం.

"మా అమ్మకి నాడి చూడ్డం నువ్వు నేర్పుతావా?" అని నవ్వాడు లుసుంగు, ఆ రాత్రి ఆమె సంగతి చెబితే. తర్వాత నవ్వకుండా, "ఆ మాట ఆమె చెవిన పడనివ్వకు" అన్నాడు.

సంతకం పెడితే అబద్ధం. పెట్టకపోతే అత్తగారికి అవమానం. ఆ నాలుగు రోజులూ పెట్టింది.

ఈవేళ మామగారు గంజి గిన్నె తోసేశాడు.

"కడుపులో తిప్పుతోందమ్మా. అదీకాక అందరూ పసుపు పచ్చగా కనిపిస్తున్నారు. ఇంట్లో ఇంకో పెళ్లేమైనా ఉందా?"

తియాంజానె టీ కప్పు కింద పెట్టేసింది. ఆ మందు ఒంట్లో ఎక్కువైతే అలాగే కనిపిస్తుంది.

"డెబ్బైరెండు" అంది ఫలేసి, పెన్ను చాపుతూ.

"పెట్టను అత్తయ్యా."

"తియాంజా!" అన్నాడు లుసుంగు.

"ఉండరా. ఏంటే? నీలాంటివాళ్లు ఎంతమందికి సూది పట్టుకోవడం నేర్పానో తెలుసా?" అంది ఫలేసి.

"తెలుసు. మీరు నేర్పినవాళ్లే నాకూ నేర్పారు. కళ్లతో చూడనిదానికి సంతకం పెట్టొద్దన్నారు. ఇన్నాళ్లూ పెట్టాను. ఆ తప్పు నాది."

ఆమె మోకాళ్ల మీంచి లేవలేదు. మామగారి మణికట్టు పట్టుకుంది. "గడియారం మీరు చూడండి అత్తయ్యా."

కోపంలో ఉన్నా ఫలేసి చెయ్యి అలవాటుగా గడియారం ఎత్తింది. "మొదలుపెట్టు."

సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిచేసింది.

"ఆపు."

"నలభై ఆరు."

ఫలేసి చేతిలోంచి మాత్ర జారిపోయింది. జారిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. నేల మీద చతికిలబడింది.

"వేళ్లకి ఏమీ తెలియడం లేదే తల్లీ. షుగర్ తినేసింది. నాలుగు నెలలైంది. వార్డు పోయింది, యూనిఫాం పోయింది. ఇదొక్కటే మిగిలిందనుకున్నా."

"చెయ్యి పట్టుకుంటున్నావని మురిసిపోయాను" అన్నాడు ముసలాయన నీరసంగా. "లెక్కపెడుతున్నావని నాకేం తెలుసు?"

ఫలేసి ఏడుస్తూనే నవ్వేసింది. తర్వాత చార్టు లాక్కుని డెబ్బైరెండు మీద ఒక్క గీత కొట్టి, పక్కన నలభై ఆరు వేసి, తన పేరు రాసింది. "రుద్దేయకూడదు. నా తప్పు డాక్టరుకి కనబడాలి. లుసుంగూ, బండి పిలువు."

ఆరు రోజుల తర్వాత మామగారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు, మాత్ర మోతాదు సగానికి తగ్గించారు. మర్నాడు ఏడింటికి గంజి గిన్నె ఖాళీ చేసి, చెయ్యి చాపాడు.

"మొదలుపెట్టు" అంది ఫలేసి గడియారం ఎత్తి.

"అరవై ఎనిమిది" అంది తియాంజానె.

ఫలేసి చార్టును కోడలి ముందుకు జరిపింది. కోడలు మొదటి గడిలో సంతకం చేసేదాకా ఆగి, వేళ్లకు స్పర్శ తెలియని పెన్నును గుప్పిట్లో గట్టిగా బిగించి, వంకరటింకరగా రెండో సంతకం చేసింది.